ప్యూర్ ఫంక్షన్‌లో తప్పు వస్తే ఎక్సెప్షనా, ఐథరా? మిల్లు కాంటా దగ్గర నేను నేర్చుకున్నది

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ప్యూర్ ఫంక్షన్ (ఇచ్చిన విలువలతో లెక్క మాత్రమే కట్టి, బయట దేన్నీ ముట్టుకోనిది) మధ్యలో తప్పు వస్తే ఎక్సెప్షన్ (పట్టుకోకపోతే ప్రోగ్రాంను ఆపేసేది) వేయాలా, ఐథర్ (తప్పయితే లెఫ్ట్, ఫలితమైతే రైట్ అని చెప్పే విలువ) ఇవ్వాలా, డేటాబేస్ పనులు ఎక్కడ పెట్టాలి అని అడిగారు. ఐథర్ ఇవ్వండి, డేటాబేస్ పనులను లెక్కలోంచి తీసి ప్రోగ్రాం అంచుకు నెట్టండి. నాకు ఇది ఒంటబట్టింది మాత్రం మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు కాంటా లెక్కల ప్రోగ్రాం రాసినప్పుడు.

వడ్ల ట్రాక్టర్ నిండుగా ఒకసారి, ఖాళీ అయ్యాక ఒకసారి కాంటా ఎక్కుతుంది. రెండు తూకాలు, తేమ శాతం, తరుగు, బస్తాల సంఖ్య చీటీలో ఉంటాయి. రాత్రికి ఆ చీటీల ఫైలు చదివి, లెక్క కట్టి, డేటాబేస్‌లో రాసి, రైతుకు ఎస్సెమ్మెస్ పంపాలి. ఇవన్నీ ఒకే ఫంక్షన్‌లో, ఒక్కో చీటీకి వరుసగా చేశాను. యాసంగి కోతలు జోరుమీదున్న ఒక రాత్రి, సున్నాతో భాగహారం అంటూ సగంలో ఆగిపోయింది. ఆ చీటీ తీసేసి మొదటి నుంచి నడిపాను. అప్పటికే మెసేజ్ అందినవాళ్లకు మళ్లీ పోయింది. పొద్దున్నే రైతులు మిల్లుకొచ్చారు: "రెండు మెసేజ్‌లొచ్చినయ్, ఏది ఖరారు?" తప్పు నాది, జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది గుమస్తాకు.

మొదట ఆ లెక్క చుట్టూ ట్రై (ఎక్సెప్షన్ వస్తే పట్టుకుని లెఫ్ట్‌గా, రాకపోతే ఫలితాన్ని రైట్‌గా ఇచ్చేది) పెట్టాను. పట్టుకోలేదు! ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. హాస్కెల్ లేజీ భాష. రిటర్న్‌తో ఇచ్చిన విలువ ఇంకా లెక్క కట్టింది కాదు, అవసరమైతే కడతానన్న మాట మాత్రమే. ట్రై లోపల ఏ తప్పూ జరగలేదు కాబట్టి అది రైట్ ఇచ్చి ఊరుకుంది. తర్వాత డేటాబేస్‌లో రాయడానికి ఆ అంకె కావాల్సి వచ్చినప్పుడు, ట్రై దాటాక, పేలింది. రిటర్న్ బదులు ఎవాల్యుయేట్ వాడితే అక్కడికక్కడే లెక్క కడుతుంది. అదీ పై పొర వరకే. రికార్డు లోపలి ఫీల్డులు కూడా తేలాలంటే డీప్‌సీక్ లైబ్రరీలోని ఫోర్స్ తోడు కావాలి.

ఇంత తిప్పలకంటే ఎక్సెప్షన్ పుట్టకుండా చూడటమే మేలు. సగటు బస్తా బరువు కోసం వడ్ల బరువును బస్తాల సంఖ్యతో భాగిస్తున్నాను, ఆ చీటీలో బస్తాలు సున్నా. టైపింగ్ తప్పనుకుని లెఫ్ట్‌లో పడేయబోతుంటే గుమస్తానే ఆపారు: "తమ్మీ, అది తప్పు గాదు. లూజు వడ్లు. మిషన్‌తోని కోసి సీదా ట్రాక్టర్ల పోసుకొస్తరు, బస్తాలు యాడియి?"

అంటే అది ఎర్రరే కాదు, నా టైప్‌కు (డేటా ఏ రూపంలో ఉండొచ్చో చెప్పే నిర్వచనానికి) తెలియని సంగతి. బస్తాల సంఖ్య అనే అంకె తీసేసి, 'లూజు' లేదా 'ఇన్ని బస్తాలు' అని రెండు కన్‌స్ట్రక్టర్ల (విలువ ఉండగల రెండు రూపాల) టైప్ పెట్టాను. భాగహారం ఇప్పుడు రెండో దాంట్లోనే ఉంది, ఫైలు చదివేటప్పుడే ఆ సంఖ్య సున్నా కంటే ఎక్కువని చూసుకుంటాను. (పూర్ణాంకమైన ఇంట్ బదులు దశాంశాల డబుల్ వాడి ఉంటే ప్రోగ్రాం ఆగేది కూడా కాదు. ఇన్ఫినిటీ వచ్చి నేరుగా రైతు ఫోన్‌కు పోయేది.)

నిజమైన తప్పులు వేరే ఉన్నాయి: తేమ గడి ఖాళీగా ఉండటం, ఖాళీ బండి తూకం నిండు బండి కంటే ఎక్కువ ఉండటం. వీటికి ఐథర్. అంకెలు చదవడానికి, చెడ్డ అంకెకు ఎక్సెప్షన్ వేసే రీడ్ మానేసి, చదవలేకపోతే ఆ సంగతిని విలువగా చెప్పే రీడ్‌మేబీ వాడండి. జాబితాలో అన్ని చీటీలకూ ఒకేసారి ఫలితం ఇచ్చే ట్రావర్స్‌తో జాగ్రత్త, అది మొదటి లెఫ్ట్ దగ్గరే ఆగుతుంది. ఒకరి చీటీ చెడితే మిగతా రైతుల లెక్క ఆగకూడదు కదా. మ్యాప్‌తో ఒక్కో చీటీకి విడిగా లెక్క కట్టి, పార్టిషన్‌ఐథర్స్‌తో లెఫ్ట్‌లు, రైట్‌లు రెండు కుప్పలు చేయండి. చెడ్డ చీటీల కుప్ప పొద్దున గుమస్తా చేతికి పోతుంది.

ఇక ఐఓలో (బయటి ప్రపంచంతో పని చేసే భాగంలో) చదవడం, రాయడం, పంపడం మాత్రమే మిగులుతాయి. నెట్ పోవడం, డిస్క్ నిండటం లాంటివాటికి ఎక్సెప్షన్లే సరి, అంచున ట్రైతో పట్టుకోండి, కనెక్షన్ మూసే పని బ్రాకెట్‌కు (మధ్యలో తప్పు వచ్చినా చివరి పని చేసి తీరే ఫంక్షన్‌కు) వదిలేయండి. మెసేజ్‌లను మాత్రం వెంటనే పంపకండి. లెక్కతోపాటు అదే ట్రాన్సాక్షన్‌లో (రాస్తే అన్నీ, లేదంటే ఏదీ కాదు అనే డేటాబేస్ పనిలో) 'పంపాలి' అని రాసి, వేరే లూప్ ఒక్కోటి పంపి 'పంపాం' అని మార్చాలి. పంపడానికీ మార్చడానికీ మధ్య ఆగితే రెండోసారి పోవచ్చు, దాన్ని ఏ టైప్ కూడా ఆపలేదు. అందుకే మెసేజ్‌లో చీటీ నంబర్ పెట్టాను. రెండు వచ్చినా నంబర్ ఒకటేనని రైతుకు కనబడుతుంది.