సూపర్‌వైజర్ సెలవు పెట్టిన రోజు

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో పీలింగ్ (తొక్క తీసే) హాలు సూపర్‌వైజర్‌గా ఈమధ్యే చేరాను. నాకు ముందున్నాయన కేకేస్తే హాలంతా గడగడలాడేదట. నేను మెత్తగా మాట్లాడతాను. దాంతో ఏళ్ల తరబడి పనిచేస్తున్న అక్కలు నన్ను లెక్కచేయడం లేదు. "నువ్వూ కాస్త గట్టిగా ఉండు" అంటున్నారు మేనేజర్. గొంతు పెంచితే పనవుతుందా? (ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా)

జవాబు: అవుతుంది తమ్ముడూ. మీరు హాల్లో ఉన్నంతసేపూ అవుతుంది. మీరు సెలవు పెట్టిన రోజు ఏమవుతుందో అది చూసుకోవాలి.

నేను కండక్టర్‌గా చేరి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. ఒక డిపోలో మాకో మేనేజర్ ఉండేవారు. తెల్లవారుజామున ఫస్ట్ బండి వేళకి ఆయనే వచ్చి గేటు దగ్గర నిలబడేవారు. బండ్లు టైముకు కదిలేవి, కాదనను. కానీ లాగ్ షీట్లు తిరగేస్తే ఓ వింత కనిపించేది. డ్యూటీ దిగిన డ్రైవరు బండిలో లోపం ఉంటే అందులో రాయాలి. బ్రేకు ఎడమకు లాగుతోందనో, క్లచ్ జారుతోందనో, స్టీరింగ్ బిగుసుకుందనో. ఆయన వచ్చాక ఆ గడులు ఖాళీగా ఉండడం మొదలైంది. బండ్లు బాగుపడి కాదండోయ్. కంప్లైంట్ రాసినవాణ్ని పిలిచి, "నీ చేతిలోనే ఎందుకు పాడైంది?" అని మెమో చేతిలో పెట్టేవారు. ఇక ఎవరు రాస్తారు? గ్యారేజీలో తెలియాల్సిన సంగతి నడిరోడ్డు మీద, ప్రయాణికులు దిగి నిలబడ్డాక తెలిసేది. ఆయన రీజియన్ ఆఫీసులో మీటింగుకు వెళ్లిన రోజు ఫస్ట్ బండి ఎప్పుడు కదిలేదో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత ఒకావిడ వచ్చారు. ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. మెతక మనిషి దొరికిందిరా అనుకున్నవాళ్లు మొదటి వారంలోనే కంగుతిన్నారు. బ్రేకు కంప్లైంట్ ఉన్న బండి మెకానిక్ సంతకం లేకుండా గేటు దాటకూడదన్నారు. సర్వీసు రద్దయితే అవనీ. యూనియన్ నాయకులొచ్చి అడిగినా, పైనుంచి ఫోనొచ్చినా అదే మాట. డ్యూటీ చార్టు దగ్గరకొచ్చేసరికి మాత్రం పూర్తిగా వదిలేశారు. ఎవరికి ఏ రూటు, నైట్ హాల్టు ఎవరిది, సంక్రాంతికి సెలవెవరికి అన్నది మీరే కూర్చుని తేల్చుకు రండి అన్నారు. మొదట పెద్ద రభస. సీనియర్లు నైట్ హాల్టులన్నీ కుర్రాళ్ల మీదికి తోసేశారు. వాళ్లు ఆవిడ దగ్గరికి పరిగెత్తారు. ఆవిడ తీర్పు చెప్పలేదు. "కుర్రాళ్ల సంతకాలు కూడా ఉంటేనే చార్టు తీసుకుంటాను" అన్నారు, అంతే. వాళ్లలో వాళ్లే సర్దుకున్నారు. ఆ చార్టు మీద గొడవ మళ్లీ రాలేదు. ఎవరి మీదని పడతారు?

దీని మీద పాత ప్రయోగం ఒకటుంది. కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, లిపిట్, వైట్ అనే మరో ఇద్దరు కలిసి అమెరికాలోని అయోవాలో పదేళ్ల పిల్లల క్లబ్బుల మీద చేసి 1939లో ప్రచురించారు. ఒక రకం పెద్దమనిషి అన్నీ తానే చెప్పి చేయించేవాడు. ఇంకో రకం పిల్లలతో మాట్లాడి నిర్ణయించేవాడు. మూడో రకం ఏదీ పట్టించుకోకుండా వదిలేసేవాడు. హుకుం జారీ చేసే పెద్దాయన ఎదురుగా ఉన్నప్పుడు పని బాగానే సాగింది. ఆయన గదిలోంచి బయటికెళ్లగానే పడిపోయింది. మాట్లాడి చేయించేవాడు వెళ్లినా పిల్లలు పని ఆపలేదు. వదిలేసినవాడి దగ్గర పనీ తక్కువే, నాణ్యతా తక్కువే. మీరు భయపడాల్సింది ఆ మూడోవాణ్ని చూసి. మెత్తగా మాట్లాడడం వేరు, వదిలేయడం వేరు. అక్కలు మిమ్మల్ని లెక్కచేయనిది మీ గొంతు చూసి కాదేమో. దేనికి ఒప్పుకుంటారో, దేనికి ఒప్పుకోరో వాళ్లకింకా తెలియక అయ్యుండొచ్చు.

కాబట్టి రెండు మూడు విషయాలు మీ చేతిలో పెట్టుకోండి. బల్ల మీద రొయ్య ఐసులో ఉండాల్సిందే. చేతులు కడక్కుండా, గ్లోవ్స్ లేకుండా ఎవరూ లోపలికి రాకూడదు, మేనేజర్‌తో సహా. సరుకు చెడ్డాక ఎంత అరిచినా ఆ లాట్ బాగుపడదు కదా. ఇక్కడ చర్చ వద్దు, నవ్వుతూనే వెనక్కి పంపండి. ఏ బల్ల ఎవరిది, ముందు టీకి ఎవరెళ్లాలి, కొత్తగా చేరిన అమ్మాయికి ఎవరు నేర్పాలి అన్నవి అక్కలకు వదిలేయండి. రొయ్యని చేత్తో పట్టుకుని కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయో) చెప్పేవాళ్లకి మీరు పని నేర్పబోతే నవ్వరూ? కొన్నాళ్లు రోజూ కాసేపు వాళ్ల పక్కన కూర్చుని మీరే తొక్క తీయండి. ఐసు ఎక్కడ ఆలస్యమవుతోందో ఆ బల్ల దగ్గరే తెలుస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో గొడవ తీర్చాలి. మన క్రికెట్ జట్టుకు కోచ్‌గా చేసిన గ్రెగ్ చాపెల్ లాంటి పట్టుదల ఉంటేనే జట్టు బాగుపడుతుందని మా నాన్న. తర్వాత వచ్చిన కోచ్ గ్యారీ కిర్‌స్టెన్‌లా చల్లగా ఉండాలని నేను. ఎవరు రైటు? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: నాన్నగారిని తీసిపారేయకండి. వన్డేల్లో వరసగా 17 ఛేజింగులు గెలిచిన రికార్డు చాపెల్ కాలంలోనిదే. 1971 తర్వాత మళ్లీ వెస్టిండీస్ గడ్డ మీద టెస్టు సిరీస్ గెలిచిందీ ఆయన ఉన్నప్పుడే, 2006లో. కుర్రాళ్లు రావాలి, ఫీల్డింగ్ మారాలి అన్న ఆయన మాటలో తప్పులేదు.

చెడిందెక్కడంటే, కెప్టెన్ గంగూలీ మీద బోర్డుకు రాసిన ఈమెయిల్ 2005లో పేపర్లకెక్కింది. ఇక డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరు ఎవరితో మనసు విప్పుతారు? 2007 ప్రపంచకప్‌కి సచిన్‌ని ఓపెనింగ్ నుంచి నాలుగో స్థానానికి దించారు. తన పని తనకన్నా ఎవరికీ ఎక్కువ తెలియని మనిషి మీద పైనుంచి నిర్ణయం రుద్దితే మా డిపో లాగ్ షీట్ కథే. బంగ్లాదేశ్, శ్రీలంక చేతుల్లో ఓడి తొలి దశలోనే ఇంటికొచ్చాం.

కిర్‌స్టెన్ 2008లో వచ్చారు. 101 టెస్టులాడిన మనిషి నెట్స్‌లో గంటల తరబడి బంతులు విసురుతూ నిలబడేవారు. సచిన్, సెహ్వాగ్, యువరాజ్, జహీర్, హర్భజన్, ధోని. 2007లో ఓడిన జట్టులో ఉన్న ఈ ఆరుగురూ 2011లో కప్పు గెలిచిన జట్టులోనూ ఉన్నారు. మరి నేను మీ పక్షమేనా? పూర్తిగా కాదు. కిర్‌స్టెన్‌కి ధోని లాంటి కెప్టెన్ దొరికాడు, కప్పేమో సొంతగడ్డ మీద జరిగింది. పాతికేళ్లు రాని కుర్రాళ్ల జట్టుకైతే చాపెల్ తరహా కొంత కావాల్సి రావచ్చు. నాన్నగారితో రాజీకి ఇది చాలనుకుంటా.

ప్రశ్న: మా పొదుపు సంఘం పెట్టినప్పటి నుంచీ నేనే లీడర్ని. దిగిపోతానంటే "నువ్వే ఉండక్కా" అంటారు. ఆరోగ్యం సహకరించడం లేదు. ఏం చేయను? (ఒక సోదరి, నెల్లూరు జిల్లా)

జవాబు: అమ్మా, మీ జిల్లాలోనే దూబగుంట ఉంది. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు రోశమ్మగారి పేరు బయటికొచ్చింది గానీ, పక్క ఊళ్లవాళ్లు ఆవిడ ఆర్డరు కోసం ఎదురుచూడలేదు. ఒక ఊళ్లో సారా బండిని అడ్డుకున్నారు, ఇంకోచోట వేలం పాటను ఆపారు. ఎవరి ఊరికి ఏది కుదిరితే అది. అందుకే ఒకరిద్దర్ని భయపెట్టినంత మాత్రాన ఆగలేదు, 1993 అక్టోబరు నాటికి ప్రభుత్వమే సారా నిషేధించాల్సి వచ్చింది. తర్వాత జిల్లాలో పొదుపు సంఘాలు నడిపిందీ చాలామటుకు ఆ ఆడవాళ్లే.

కాకపోతే సంఘంలో డబ్బు లెక్కలుంటాయి కాబట్టి ఊరికే వదిలేస్తే కుదరదు. వాళ్లు "నువ్వే ఉండక్కా" అనేది ప్రేమతోనే. దాంతోపాటు బ్యాంకుకెళ్లి మేనేజర్‌తో మాట్లాడాలంటే బెరుకు కూడా ఉంటుంది. కనుక ముందు తీర్మానాల పుస్తకం ఒకరికివ్వండి. ఇంకొకర్ని ప్రతిసారీ బ్యాంకుకు వెంటబెట్టుకెళ్లి, మాట వాళ్లనే మాట్లాడనివ్వండి. మీరు పక్కన కూర్చోండి. తడబడితే అందుకోవద్దు. అప్పు ఎవరికివ్వాలో గుంపులోనే తేలనివ్వండి. బ్యాంకులో సంతకం మార్చడం అన్నిటికన్నా చివరి పని. ఈలోపు ఒకటి రెండు మీటింగులకు కావాలనే వెళ్లకండి. డాక్టరు రెస్టు చెప్పాడనండి, అబద్ధం కూడా కాదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు అధ్యక్షుడు ప్రతిదానికీ వాట్సాప్‌లో పోల్ పెడతాడు. నీళ్ల మోటారు కాలిపోయినా పోలే! పోయినసారి వైండింగుకు మూడువేల అయిదొందలు పోశాడు, బయట రెండువేలకే చేస్తారు. ఇలాంటాయన్ని ఏమనాలి? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: మోటారు కాలితే మెకానిక్‌కి ఫోన్ చేయాలి. కొత్త బోరు వేయాలా, మెయింటెనెన్స్ పెంచాలా అన్నప్పుడు పోల్ పెట్టాలి. ఆయన అడిగేది అందరి మాటా వినాలని కాదు, రేపు ఎవరైనా నిలదీస్తే "మీరే కదా ఓటేశారు" అనడానికని నా అనుమానం. వచ్చే మీటింగులో ఒక తీర్మానం పెట్టండి. అయిదువేల లోపు అర్జెంటు రిపేర్లు అధ్యక్షుడు, కోశాధికారి ఎవరినీ అడక్కుండా చేయించవచ్చు, బిల్లు ఫోటో అదే రోజు గ్రూపులో పెట్టాలి. ఆ తర్వాత కూడా పదిహేనొందల కోసం ఎవరో ఆయన్ని గ్రూపులో దులిపేస్తే పోల్ మళ్లీ మొదలవుతుంది. పోయినసారి దులిపింది మీరు కాదు కదా?