ఇకపై కొట్టనని రాసిచ్చిన కాగితం చెల్లుతుందా?

సందేహం: మా చెల్లెలికి పెళ్లయి ఆరేళ్లు. బావ చేయిచేసుకుంటున్నాడు. రెండుసార్లు పెద్దమనుషుల్లో పెట్టి, తప్పు ఒప్పించి, ఇకపై కొట్టనని కాగితం రాయించాం. పోయిన నెల మళ్లీ కొట్టాడు. ఇల్లు మామగారిది. నోరెత్తితే బయటికి పొమ్మంటున్నారు. చెల్లెలు విడాకులు కోరడం లేదు, దెబ్బలు ఆగితే చాలంటోంది. కేసు పెడితే కాపురం పోతుందని అమ్మ భయం. ఆ కాగితం కోర్టులో చెల్లుతుందా?

జవాబు: కోర్టు ఉత్తర్వుకు ఉన్న బలం ఆ కాగితానికి లేదు. మాట తప్పినందుకు దాని మీద శిక్ష పడదు. అయినా పారేయకండి. కొట్టినట్టు అతనే ఒప్పుకుని సంతకం పెట్టాడు కాబట్టి సాక్ష్యంగా పనికొస్తుంది. ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి. దాని మీద సంతకాలు చేసిన పెద్దలు కోర్టుకొచ్చి చెబుతారేమో ఇప్పుడే అడగండి.

మీ చెల్లెలు అడుగుతున్నది 2005 గృహహింస చట్టంలోనే ఉంది. సెక్షన్ 12 కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకుంటే, హింసకు దిగవద్దని భర్తకు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. దీనికి విడాకులు అడగక్కర్లేదు. దరఖాస్తు పెట్టినంత మాత్రాన అరెస్టూ ఉండదు. అమ్మగారికి ఇది నిదానంగా చెప్పండి. ఉత్తర్వు మీరితే మాత్రం ఏడాది వరకు జైలు, లేదా రూ.20,000 వరకు జరిమానా, లేదా రెండూ. అమ్మగారు భయపడుతున్న కేసు వేరు: భర్త, అత్తింటివారి క్రూరత్వం మీద పెట్టే క్రిమినల్ కేసు. అది పాత 498ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85. అది పెట్టాలో లేదో మీ చెల్లెలు తేల్చుకోవాలి.

ఇల్లు మామగారి పేరు మీద ఉన్నా, కాపురం చేస్తున్న కోడలిని చట్టప్రకారం తప్ప గెంటేయడానికి వీల్లేదు. 2020లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. ఆస్తిలో వాటా రాదు, ఉండే హక్కు ఉంటుంది. కోర్టు వేరే వసతి ఏర్పాటు చేయమని కూడా చెప్పవచ్చు.

పెద్దమనుషుల పద్ధతిని నేను తప్పుపట్టను. కానీ అక్కడ మొదటి ప్రశ్న ఎవరికి పడిందో గుర్తుచేసుకోండి. ‘నువ్వేమన్నావమ్మా, అంత కోపం వచ్చింది?’ అని మీ చెల్లెలినే అడిగి ఉంటారు. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి దెబ్బకన్నా ఆ ప్రశ్నే ఎక్కువ గుర్తుంటుంది. ఈ చట్టం కింద 2006లో వచ్చిన నియమాలు దాన్ని అడ్డుకున్నాయి: కోర్టు పంపే కౌన్సెలింగ్‌లో భర్త తాను కొట్టడానికి కారణాలు చెప్పుకోకూడదు, ఆ సంగతి ముందే అతనికి తెలియజేయాలి. ఈ ఒక్క నియమం మన పంచాయితీల్లోకి వస్తే ఎన్ని కాపురాల్లో చేయి లేవకముందే ఆగేదో!

పెద్దలు ఇప్పటికీ చేయగలిగింది ఉంది. హింస జరుగుతోందని తెలిసినవారు ఎవరైనా రక్షణాధికారికి, అంటే ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించిన అధికారికి, చెప్పవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు నిలవదు.

ఆసుపత్రి చీటీలు, ఫొటోలు ఉంటే తీసిపెట్టండి. మహిళల హెల్ప్‌లైన్ 181. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచిత న్యాయవాదిని ఇస్తారు, దానికి 15100. రక్షణాధికారి దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి.