చెయ్యి పెడితే కరుస్తోంది

ప్రశ్న: వేరేవాళ్లు పెంచలేక ఇచ్చేసిన నాలుగేళ్ల కాన్యూర్ చిలుకను నెల కిందట తెచ్చుకున్నాం. ఊచల బయట నుంచి గింజ ఇస్తే తీసుకుంటుంది. పంజరంలో చెయ్యి పెడితే మాత్రం నెత్తురొచ్చేలా కరుస్తోంది. చేతిమీదికి ఎక్కే ముందూ ముక్కుతో పట్టుకుంటోంది. తోలు గ్లవ్స్ వేసుకోవచ్చా?

జవాబు: గ్లవ్స్ వద్దు. వాటితో చెయ్యి ఇంకా పెద్దగా, కొత్తగా కనబడి చిలుక మరింత బెదురుతుంది. మనకు నొప్పి తెలియదు కాబట్టి దాని హెచ్చరికల్నీ పట్టించుకోం.

ఎక్కే ముందు పట్టుకోవడం చాలావరకు కరవడం కాదు. చిలుకకు ముక్కు మూడో కాలు లాంటిది. కొత్త కొమ్మ తన బరువు ఆపుతుందో లేదో దాంతోనే పట్టి చూస్తుంది. సరిగ్గా అప్పుడే మీరు ఉలిక్కిపడి చెయ్యి లాగేస్తే ‘ఇది కదిలిపోయే కొమ్మ’ అనుకుంటుంది. గట్టిగా కొరికితే చెయ్యి పోతుందనీ నేర్చుకుంటుంది. కాబట్టి ఎక్కించుకునేటప్పుడు చెయ్యి కదలనివ్వకండి. అంత ధైర్యం రాకపోతే ప్రస్తుతానికి ఒక కర్ర మీదికే ఎక్కించుకోండి.

పంజరంలో కరవడం వేరు. అది దాని ఇల్లు. చెయ్యి లోపల పెట్టకుండా తలుపు తీసి, తనంతట తనే బయటికి వచ్చేదాకా ఆగండి. గిన్నెలు మార్చడం అది బయట ఉన్నప్పుడే పెట్టుకోండి.

మచ్చికకు మంచి దారి, పుల్ల కొనను ముక్కుతో తాకడం నేర్పడం. గిన్నెలోంచి పొద్దుతిరుగుడు గింజలు పూర్తిగా తీసేసి ఈ పనికే దాచండి. జానెడు పుల్ల కొనను ఊచల బయట నుంచి చూపండి. ముక్కుతో తాకిన మరుక్షణం ‘భేష్’ అని ఒక గింజ ఇవ్వండి. పుల్లను నమిలేదాకా వదిలేయకండి, తాకగానే తీసేయాలి. పూటకు 3 నుంచి 5 నిమిషాలు, రోజుకు రెండుసార్లు చాలు. పుల్ల వెంట అటూ ఇటూ నడవడం వచ్చాక, దారికి అడ్డంగా చెయ్యి పెట్టి దానిమీదుగా నడిపించండి. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. తొందరపెడితే మళ్లీ మొదటికొస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం దాని ఒంటిని చదవడం. కంటిపాప చటుక్కున చిన్నదై పెద్దదవుతూ, మెడ ఈకలు నిక్కబొడుచుకుని, తోక విసనకర్రలా విచ్చుకుందంటే అక్కడే ఆగి అడుగు వెనక్కి వేయండి. ఈకలన్నీ ఒంటికి అంటుకుపోయి సన్నగా నిలబడితే అది భయం. ఈ దశలోనే వెనక్కి తగ్గితే దానికి కరవాల్సిన అవసరం రాదు.

అయినా కరిస్తే కేక వేయకండి, ముక్కు మీద కొట్టకండి, చెయ్యి విదిలించకండి. మాట్లాడకుండా దగ్గర్లోని కర్ర మీద దించి, ఒక నిమిషం ఆగి, అది తేలిగ్గా చేయగలిగిన పని చేయించి గింజ ఇవ్వండి.

రాత్రి 10 నుంచి 12 గంటలు చీకట్లో నిద్రపోనివ్వండి. నిద్ర చాలని చిలుక చిరాకుగా ఉంటుంది. తల, మెడ తప్ప వీపు, రెక్కల కింద నిమరకండి. అది జతకోరికను రేపి కోపం పెంచుతుంది. కొత్త ఈకలు మొలిచే రోజుల్లో తాకినా నొప్పే. మచ్చికైన చిలుక ఉన్నట్టుండి కరవడం మొదలుపెట్టినా, తిండి తగ్గించినా, ఒళ్లు ఉబ్బించుకుని కూర్చున్నా శిక్షణ ఆపి, ఆ రోజే పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించండి.