శెనక్కాయకు యూరియా కాదు, జిప్సం చూసుకో

చిరంజీవి నాయనా,

పెదనాన్న ఆశీస్సులు. ఈసారి నాలుగెకరాల్లో వర్షాధారం కింద కదిరి లేపాక్షి రకం శెనక్కాయ వేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. ఎరువుల కోసం అంగట్లో అప్పు రాయించుకునే ముందు ఇది చదువు.

చేను నల్లగా, గుబురుగా ఉందని మురిసిపోవద్దు. శెనక్కాయకు కావలసిన నత్రజనిలో ఎక్కువ భాగాన్ని వేరు బుడిపెల్లోని రైజోబియం అనే సూక్ష్మజీవే గాలిలోంచి తీసి ఇస్తుంది. ఆ బుడిపెలు పనిలోకి దిగడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. అందాకా ఆదుకోవడానికే ఆఖరి దుక్కిలో ఎకరాకు 18 కిలోల యూరియా. అంతకు మించి కుమ్మరిస్తే మొక్క బుడిపెలు కట్టడమే తగ్గిస్తుంది. ఆకు పెరుగుతుంది, కాయ తగ్గుతుంది. నమ్మకం లేకపోతే నలభై రోజులప్పుడు ఒక మొక్కను మట్టితో సహా తవ్వి, బుడిపెను గోటితో చిదిమి చూడు. లోపల ఎర్రగా ఉంటే పని సాగుతున్నట్టే.

భాస్వరం అనగానే అందరూ డీఏపీకి ఎగబడతారు. నేనైతే సింగిల్ సూపర్ ఫాస్ఫేటే వేయమంటాను, ఎకరాకు రెండు బస్తాలు. అందులో 16 కిలోల భాస్వరంతో పాటు 11 కిలోల గంధకం, కాల్షియం కూడా వస్తాయి. డీఏపీలో ఆ రెండూ ఉండవు. గంధకం చాలకపోతే గింజలో నూనె తగ్గుతుంది. పొటాష్ 33 కిలోలు, అదీ దుక్కిలోనే. తర్వాత పైన చల్లితే కాయకు అందాల్సిన కాల్షియానికి అడ్డొస్తుంది.

అసలు సంగతి ఆ కాల్షియమే. వేరు తీసుకున్న కాల్షియం నీటితో పాటు ఆకుల్లోకి పోతుంది, మళ్లీ కిందికి దిగదు. మట్టిలో ఉన్న కాయ తన చుట్టూ ఉన్న మట్టిలోంచి తనే నేరుగా పీల్చుకోవాలి. అక్కడ దొరక్కపోతే పీకినప్పుడు చెట్టు నిండా కాయలు కనిపిస్తాయి, ఒలిస్తే సగం లొట్టలు. నిండిన గింజలో కూడా మొలక నల్లబడి విత్తనానికి పనికిరాకుండా పోతుంది. మన ఎర్ర నేలల్లో ఇది మామూలే. తూకంలో దెబ్బ తిని, విత్తనం మంచిది కాదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

అందుకే కాల్షియం ఇచ్చే జిప్సం ఎకరాకు 200 కిలోలు. పూత మొదలయ్యాక, ఊడలు (పువ్వు నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగకముందు, అంటే విత్తిన 30 నుంచి 45 రోజుల మధ్య వెయ్యి. మొదళ్ల పక్కనే సాళ్లలో చల్లి, గుంటకతో మట్టి ఎగదోయించు. నేలలో పదును లేకపోతే కరగదు కాబట్టి వాన పడ్డాకే వెయ్యాలి. ఊడలు దిగాక గుంటక తోలనివ్వొద్దు, తెగిపోతాయి. కలుపుంటే చేత్తో పీకించు, కూలి ఖర్చైనా సరే.

మధ్యలో చేను పసుపు రంగుకు తిరిగితే టెన్షన్ పడి యూరియా చల్లేస్తావేమో. ముందు ఏ ఆకులో చూడు. పైన లేత ఆకులు తెల్లబారితే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టు. కింది ముదురాకులు పసుపైతే అప్పుడు నత్రజని గురించి ఆలోచిద్దాం.

ఇవన్నీ మామూలు లెక్కలు. పోయిన వేసవిలో మట్టి పరీక్ష చేయించావు కదా, ఆ కార్డు ఫొటో పంపు. భాస్వరం ఎక్కువుందని వస్తే సూపర్ తగ్గించుకోవచ్చు, ఆ డబ్బులు జిప్సానికి ఉంచుకో.

ఇట్లు
మీ పెదనాన్న