మీ ప్రశ్న – మా జవాబు: పాత ఉపగ్రహంలో మళ్లీ ఇంధనం పోయొచ్చా?

ప్రశ్న: స్పేడెక్స్‌లో మన ఉపగ్రహాలు రెండు అంతరిక్షంలో కలిశాయి కదా. ఇంధనం అయిపోవచ్చిన జీశాట్‌లకు (ఇస్రో సమాచార ఉపగ్రహాలకు) మళ్లీ నింపి వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, సూళ్లూరుపేట

జవాబు: ఇప్పుడున్నవాటికి కష్టమండీ. అవి ఒక్కసారి నింపడానికే తయారయ్యాయి.

జీశాట్‌లు ఉండేది భూస్థిర కక్ష్యలో, అంటే భూమ్మీంచి చూస్తే ఒకేచోట నిలిచినట్టు కనిపించే దారిలో. అక్కడ సూర్యచంద్రుల ఆకర్షణ ఉపగ్రహాన్ని పక్కకు లాగుతుంటుంది. దాన్ని సరిదిద్దడానికి ఇంజిన్లు మండించి ఏడాదికి మొత్తం సుమారు 50 మీటర్లు/సెకను మేర వేగం మార్చాల్సి వస్తుంది. అంటే రెండు టన్నుల ఉపగ్రహానికి ఏటా దాదాపు 35 కిలోల ఇంధనం. సంకేతాలు అందుకుని తిరిగి పంపే ట్రాన్స్‌పాండర్లు ఇంకా బాగానే ఉన్నా, ట్యాంకు అడుగంటే వేళకి మిగిలిన చుక్కలతో దాన్ని పైకి, పని అయిపోయిన ఉపగ్రహాలను వదిలేసే శ్మశాన కక్ష్యలోకి నెట్టేయాల్సిందే.

అసలు చిక్కు ఇంధనం నింపే వాల్వు దగ్గర ఉంది. శ్రీహరికోటలో ప్రత్యేక సూట్లు తొడుక్కున్న సిబ్బంది ఇంధనం నింపాక, వాల్వుకు మూత బిగించి, ఊడకుండా తీగ చుట్టి, పైన బంగారు రంగు పొరల దుప్పటి కప్పేస్తారు. అంతరిక్షంలో రోబో చెయ్యి ఆ దుప్పటి కోయాలి, తీగ తెంపాలి, మూత తిప్పాలి, విషపు ఇంధనం చుక్క కారకుండా గొట్టం తగిలించాలి. భూమిని ఫొటోలు తీసే తన ల్యాండ్‌శాట్-7 ఉపగ్రహం కోసం నాసా ఇదంతా చేయబూనింది. ఖర్చు, జాప్యం పెరిగిపోయి ఆ ఓశామ్-1 పథకాన్ని 2024 మార్చిలో రద్దు చేసింది.

వాల్వు జోలికి పోని దారి ఇంకొకటి ఉంది. అమెరికా వాహనం ఎమ్‌ఈవీ-1, 2020 ఫిబ్రవరి 25న ఇంటెల్‌శాట్-901 ఇంజిన్ నాజిల్లోకి కడ్డీ దూర్చి పట్టుకుంది. ఇంధనం పోయలేదు, తన ఇంజిన్లతోనే దాన్ని మోసింది. మన జీశాట్‌లకూ అలాంటి నాజిల్ ఉంది కాబట్టి, పాతవాటికి ఇదే మేలైన దారి అని మా అభిప్రాయం.

స్పేడెక్స్ నేర్పింది తక్కువేమీ కాదు. 220 కిలోల చొప్పున ఉన్న జంట 475 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు 7.6 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, ఒకదానికొకటి దగ్గరయ్యే వేగం చివర్లో సెకనుకు ఒక్క సెంటీమీటరే ఉండాలి. ఉపగ్రహాలు అనుకున్నదానికన్నా ఎక్కువగా చోటు జరిగిపోవడంతో జనవరి 9 నాటి ప్రయత్నం వాయిదా పడింది. 2025 జనవరి 16న కలిశాయి. ఏప్రిల్‌లో రెండోసారి కలిశాక ఒకదాని నుంచి మరొకదానికి కరెంటూ పంపారు. అయితే ఆ రెంటికీ 450 మిల్లీమీటర్ల కలిపే వలయాలున్నాయి, రేడియోలో ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. పాత ఉపగ్రహం దగ్గర ఇవేమీ ఉండవు. అది దొర్లుతుంటే పట్టే చెయ్యే విరగొచ్చు. దగ్గరికెళ్లేటప్పుడు మన వాహనం థ్రస్టర్ల (చిన్న ఇంజిన్ల) పొగ దాని సౌరఫలకాల మీద పడితే మసకబారతాయి, ఉపగ్రహం పక్కకు తిరుగుతుంది.

అందుకే ఇకమీదట కట్టే ప్రతి ఉపగ్రహానికీ పట్టుకునే కొక్కెం, కెమెరా గుర్తుపట్టే గుర్తులు, రోబో తెరవగల నింపుడు ద్వారం తప్పకుండా పెట్టాలి. పైకెళ్లాక వాటిని అమర్చే వీలుండదు.

ప్రశ్న: అంతరిక్షంలో వస్తువులు తయారు చేయడం మనకు కొత్తేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: పూర్తిగా కొత్త కాదు. 2007 జనవరి 10న పీఎస్‌ఎల్‌వీ-సీ7 మోసుకెళ్లిన 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1 అనే తిరిగి భూమికి దింపే క్యాప్సూల్‌లో కొలిమి పెట్టి లోహాల ప్రయోగం చేశారు. 12 రోజుల తర్వాత, 22న, దాన్ని బంగాళాఖాతంలో దింపి ఒడ్డుకు తెచ్చారు. బరువు తెలియని చోట కరిగిన పదార్థంలో బరువైనది అడుక్కు చేరదు, వేడికి సుడులు లేవవు. అందుకే స్ఫటికం సమంగా పెరుగుతుంది. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో వార్డా సంస్థ క్యాప్సూల్ మందు స్ఫటికాలతో యూటా ఎడారిలో దిగింది కూడా. తయారీకన్నా కష్టమైనది తిరిగి దింపడమే: వేడికవచం, పారాచూట్లు, దిగేచోట ఎదురుచూసే బృందం అన్నీ ప్రతిసారీ కావాలి. కిలో ధర ఆ ఖర్చును మోయగల సరుకైతేనే పని మొదలుపెట్టాలి.