పేర్ల పట్టిక జోలికి మాత్రం పోకు

చిట్టీ,

మేనత్త దీవెనలు. కాలవకి ఇటు నుంచి అటు ఉత్తరమేమిటని నవ్వుకోకు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఇక హైదరాబాదు వెళ్ళవట, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటావట, గుళ్ళో ఏదైనా పని అందుకుంటానని పాస్టరు అయ్యగారితో కూడా చెప్పేశావట. "అక్కడ రెండేళ్ళున్నా ఎదురింటివాళ్ళ పేరు తెలీలేదు వదినా, నాకంటూ నలుగురు కావాలి అంటోంది" అంది. సంతోషం పట్టలేక పక్కింటావిడని పిలిచి మరీ చెప్పాను.

అంతలో మీ అమ్మ ఇంకో మాట అంది. సంఘస్తులందరి పేర్లూ, బాప్తిస్మం తేదీలూ, చందాలూ, ఫోన్ నంబర్లూ కంప్యూటర్‌లో ఎక్కించి అయ్యగారి చేతికిస్తావట. ఇక నాకు నిద్ర పట్టలేదు. ఎదురుగా చెబితే "అత్తా, నువ్వు ఊరికే టెన్షన్ పడతావు" అని లేచిపోతావు. కాబట్టి కూర్చుని చదువు.

ముందు చిన్నవి. మొదటి గంటకే గుడికి చేరు. కుర్చీలో కాదు, చాప మీద ఆడవాళ్ళ మధ్య కూర్చో. కానుకలు లెక్కపెట్టమంటే ఇద్దరు పెద్దలు పక్కనుంటేనే ముట్టుకో, గది దాటకముందే అంకె రాసి సంతకాలు పెట్టించు. కీబోర్డు కుర్రాళ్ళ జోలికి వెళ్ళకు, వాళ్ళది వేరే రాజ్యం. సండే స్కూలు ఇస్తే తీసుకో, కానీ మధ్యలో వదిలేసేట్టయితే ఇప్పుడే వద్దను. పిల్లలు టీచరు కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకు ఇది చెప్పి ఉండడు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పటికి నువ్వు పుట్టలేదు. కోనసీమలో కొబ్బరిచెట్లు ఆ ఒక్క రాత్రిలో లక్షల్లో కూలిపోయాయి. మన పేటలో తాటాకిళ్ళు ఒక్కటీ నిలబడలేదు. గుడి ఒక్కటే డాబా, అందరం అందులోనే తలదాచుకున్నాం. కొన్ని రోజులకి బియ్యం, దుప్పట్లు, టార్పాలిన్లతో లారీ వచ్చింది. తెచ్చినవాళ్ళు పట్టిక ఉంటేనే ఇస్తామన్నారు. పేటలో డిగ్రీ చదివిన కుర్రాడు మీ నాన్నే, పెన్ను వాడి చేతికొచ్చింది. వాడు, పాపం, పక్షపాతం అనే మాట రాకూడదని గుడి రిజిస్టరు ముందు పెట్టుకుని పేర్లు వరసగా దింపేశాడు.

పేటలో లేసు అల్లే ఆవిడ ఒకావిడ ఉండేది. నరసాపురం వైపు నుంచి కాపురానికి వచ్చింది. భర్త పోయాడు, ఒక్కడే కొడుకు. గుళ్ళో బల్ల మీద పరిచే గుడ్డకి అంచు ఆవిడ అల్లిందే. తెల్లవారుజామున గుడి ఊడ్చేదీ ఆవిడే. కానీ రిజిస్టరులో ఆవిడ పేరు లేదు. ఎందుకు లేదో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీలు క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోతుంది, మన దగ్గర బీసీ-సీ కింద లెక్కేస్తారు. కొడుకు ఉద్యోగాలకి దరఖాస్తులు పెడుతున్నాడు. అందుకని తన పేరు కాగితం మీదికి ఎక్కకుండా చూసుకుంది. దేవుడికి తెలిస్తే చాలదా అనేది. ఆవిడ చేసింది తప్పని కొందరనేవాళ్ళు. బడిలో ఎంతోమంది పిల్లల సర్టిఫికెట్లు చూసినదాన్ని నేను, నాకు మాత్రం ఆ ఉత్తర్వే తప్పుగా తోస్తుంది. సరే, అది వేరే కథ.

ఆవిడ సంచి పట్టుకుని వరసలో నిలబడింది. నేను పక్కనే డబ్బాతో బియ్యం కొలుస్తున్నాను. మీ నాన్న పట్టిక పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చూసి, "నీ పేరు లేదు పిన్నీ" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఆవిడ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. వెనకున్న వాళ్ళు ఒక్కరూ నోరెత్తలేదు, వాళ్ళ వంతు రావాలి కదా.

రాత్రికి వాడికి అన్నం సయించలేదు. మా వాటా బియ్యంలో సగం మూటకట్టి, బురదలో పడుతూ లేస్తూ ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కూర్చోమంది, మూట మాత్రం ముట్టలేదు. "బియ్యానిదేముంది నాయనా, ఎవరో ఒకరు పెడతారు. పేరు లేదన్నావు చూడు" అందట. వాడు ఇంటికొచ్చి ఆ మాట నాతో చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆవిడ గొడవ పడలేదు, ఎవరినీ తిట్టలేదు, గుడికి రావడం మానేసింది అంతే. ఆదివారం గంట వినపడుతుంటే ఇంటి అరుగు మీద కూర్చుని అల్లుకునేది. కొన్నేళ్ళకి ఆవిడ పోయినప్పుడు, సమాధుల దొడ్డిలో చోటివ్వాలా వద్దా అని పెద్దలు మళ్ళీ అదే రిజిస్టరు తెరిచారు. మీ నాన్న వాళ్ళ చేతిలో పుస్తకం మూసేసి, గునపం భుజాన వేసుకుని వెళ్ళి తవ్వడం మొదలుపెట్టాడు. ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

నాన్న కమిటీలోకి ఎందుకు రాడని చిన్నప్పుడు నన్ను అడిగేదానివి. పేటలో ఎవరింట చావు జరిగినా పెట్టె చేయించేదీ, గొయ్యి దగ్గర చివరిదాకా నిలబడేదీ వాడే ఎందుకని కూడా అడిగేదానివి. ఇదీ జవాబు. నేను చెప్పానని వాడితో అనకు.

ఇప్పుడు నీ కంప్యూటర్ పట్టిక సంగతి. పుస్తకమైతే కనీసం బీరువాలో ఉంటుంది. నీ ఫైలు వాట్సాప్‌లో పడి ఎవరి చేతికి చేరుతుందో నీకే తెలీదు. పైగా ఖాళీ గడి చూస్తే నీ చెయ్యి ఊరుకోదు, నీ సంగతి నాకు తెలుసు. "ఆంటీ, మీ బాప్తిస్మం ఎప్పుడైంది?" అని మర్యాదగానే అడుగుతావు. ఆ ఆంటీ మరుసటి ఆదివారం రాదు. ఆరాధన లైవ్ పెట్టాలని కూడా ఉందట కదా, అయ్యగారినీ పాడేవాళ్ళనీ చూపించు, కూర్చున్నవాళ్ళ ముఖాల మీదికి కెమెరా తిప్పకు. ప్రార్థన విన్నపాలు గ్రూపులో పెట్టకు. ఎవరికి ఏ జబ్బో, ఎవరి కూతురు అలిగి పుట్టింటికి వచ్చేసిందో ఊరంతా చదవక్కర్లేదు.

మరి ఏం చెయ్యాలంటావా? పిడికెడు బియ్యానికి రా. వంటకి బియ్యం తీసేటప్పుడల్లా ఒక పిడికెడు పక్కన వేసి ఉంచుతారు, మా స్త్రీల సమాజం వాళ్ళం శనివారాలు తిరిగి పోగుచేస్తాం, జరుగుబాటు లేని ఇంటికి అందిస్తాం. మొయ్యడానికి ముసలాళ్ళమే మిగిలాం. నువ్వు సంచి పట్టుకుని మాతో నడువు. పొయ్యి దగ్గర నిలబడితే ఎవరింట్లో గ్యాసు అయిపోయిందో, ఎవరి అత్తగారు మంచాన పడిందో అడక్కుండానే తెలుస్తుంది. మన గుడి గడప తొక్కనివాళ్ళు కూడా కొందరు పోస్తారు. ఎందుకని అడక్కు, సంచి పట్టు.

ఇంజనీరింగ్ చదివింది బియ్యం మొయ్యడానికా అని మీ అమ్మ సణుగుతుంది. 1836లో ఇంగ్లాండు నుంచి బయల్దేరి నరసాపురం వైపు వచ్చిన బౌడెన్, బీర్ దొరల్లో ఒకాయనది రాతిపని, ఒకాయనది చెప్పులు కుట్టే పని అని చెప్పు. నీ చదువుకీ పని ఉందిలే. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుపడి పింఛను ఆగిన ముసలమ్మలు మన పేటలోనే ఉన్నారు. వాళ్ళ కాగితాలు సరిచేయించు, రిజిస్టరు కంటే అది ముందు.

డిసెంబరులో నీకు ఏడుపొస్తుంది, ఇప్పుడే చెబుతున్నా. క్రిస్మస్ స్టార్ ఎంత ఎత్తున కట్టాలి, క్యారల్స్ ముందు ఏ వీధికి వెళ్ళాలి అని పెద్దమనుషులే పసిపిల్లల్లా కొట్టుకుంటారు. హాస్టల్లో ఎవరో మాటన్నారని బస్సెక్కి వచ్చేసినదానివి, ఈసారి హైదరాబాదు బస్సు ఎక్కకు. మా ఇంటికి రా. చింతకాయ పచ్చడితో అన్నం కలిపి పెడతాను, తిని అప్పుడు ఏడుద్దువుగాని.

రాత్రి అమెరికా కాల్స్ అయ్యాక కళ్ళు లాగేస్తుంటే ఒక ఆదివారం రాకపోయినా కొంపలేం మునగవు, పడుకో. మధ్యాహ్నానికి ఎవరో ఒకరు క్యారేజీ పట్టుకుని "పిల్లకి ఒంట్లో బాలేదా?" అని మీ గుమ్మంలోకి వస్తారు. మొహమాటపడి పంపెయ్యకు, తిను. ఆ మాట అడిగేవాళ్ళు కావాలనే కదా ఊరొచ్చావు.

శనివారం నాలుగింటికి గుడి అరుగు దగ్గర ఉంటాం. సంచులు నా దగ్గరున్నాయి. గట్టి చెప్పులు వేసుకో, కాలవ గట్టు ఇంకా జారుతోంది. నా బీపీ మాత్రల చీటీ మీ అమ్మకిచ్చాను, నాన్న అమలాపురం వెళ్తే తెమ్మను.

మీ అత్త