చిన్నీ, గోపురం కోసం వెనక్కి నడవొద్దు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సంక్రాంతి అయ్యాక వచ్చే శని, ఆదివారాలు నువ్వు బెంగళూరు నుంచి నెల్లూరు వస్తావంట, చుట్టాలిళ్లకు పోనన్నావంట, ఊరంతా తిరిగి ఫోటోలు తీసుకుని, పుస్తకం చదువుకుని, మిగతా టైములో నీ స్నేహితురాలితో వెళ్లే టూరుకి ప్లాను రాసుకుంటావంట. "ఆడపిల్ల కెమెరా మెడకేసుకుని ఒంటరిగా తిరగడమేంది బావగారూ, మీరైనా చెప్పండి" అంది. చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మీ పెదమ్మతో, ఈ ఫోటోల పిచ్చి నాతోనే పోతుందనుకున్నా, పోలేదు చూడు అన్నాను. పొద్దుటి నుంచి ఈ మాట ఆమెకి చాలాసార్లు చెప్పానంట, విసుక్కుంటోంది.

బ్యాటరీ, నీళ్ల సీసా, టోపీ, ఇవన్నీ నీకు తెలిసినవే. మెమరీ కార్డు లేకపోయినా కొన్ని కెమెరాలు క్లిక్కుమంటూనే ఉంటాయి, సెట్టింగ్సులో దాన్ని ఆపేసుకో. మనుషుల్ని అడిగి తియ్యి. గుళ్లో మూలవిరాట్టు దగ్గర కెమెరా ఎత్తకు.

వెలుగు సంగతి కొంచెం చెప్తా. జనవరిలో మనకి సూర్యుడు ఆరున్నర దాటాక గానీ రాడు. ఆరింటికల్లా రంగనాయకులపేటలో ఉంటే పెన్న మీద తెల్లారడం చూస్తావు. పది కాగానే కెమెరా సంచిలో పెట్టెయ్. ఎండ నెత్తి మీదకొస్తే కళ్ల కింద నీడలు పడి ప్రతివాడూ జ్వరం పడి లేచినట్టు వస్తాడు. ఆదివారం పొద్దున గాంధీబొమ్మ దగ్గర నుంచి ట్రంకు రోడ్డంతా షట్టర్లు తీయకముందు నడువు, మనిషికి మనిషి తగలని ఆ రోడ్డుని నెల్లూరోళ్లే సరిగ్గా చూసుండరు. సాయంత్రం నాలుగు తర్వాత స్వర్ణాల చెరువు గట్టుకి పో. రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర కాలు పెట్టే చోటుండదు, అది మొహర్రంలో కదా, ఇప్పుడైతే నీళ్ల పక్కన తీరిగ్గా కూర్చోవచ్చు.

పదికీ నాలుక్కీ మధ్య టైమంతా పుస్తకానిది. నాలుగు పుస్తకాలు మోసుకొస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎవరికోసమమ్మా? ఒకటి తెచ్చుకో, అది నచ్చకపోతే టౌన్‌హాల్లో వర్ధమాన సమాజం వైపు వెళ్లు. పెళ్లిళ్ల సీజను లేనప్పుడు నేను అక్కడే పేపర్లు తిరగేస్తా ఉండేవాణ్ణి, నా ఫోటో స్టూడియోలో ఫ్యాను లేదు మరి.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న ఎడమ మణికట్టు కొంచెం వంకరగా ఉంటుంది, గమనించావా? సైకిలు మీంచి పడ్డానని మీకు చెప్పుంటాడు. సైకిలు నిజమే, పడ్డం కూడా నిజమే. ఆ సైకిలు మాత్రం పాలవాడిది.

అప్పుడు నా స్టూడియో నెల్లూరులోనే, చిన్నబజార్లో, మెట్ల కింద గది. మీ నాన్న ఇంటరు పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు, రంగనాయకస్వామికి బ్రహ్మోత్సవాలు జరుగుతున్నాయి. నా దగ్గరున్నది ఒకే ఒక్క మంచి కెమెరా, యాషికా ట్విన్ లెన్సు, మద్రాసులో సెకండ్‌హ్యాండుది, అప్పు చేసి కొన్నాను. దాన్ని కంటికి ఆనించి చూడరు. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచుకుని, పైనున్న గాజులోకి చూడాలి. అందులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది, చెయ్యి తిరిగేదాకా ఎంతటివాడైనా తికమకపడతాడు. రీలుకి 12 ఫోటోలు. జూము లేదు. ఎక్కువ పట్టాలంటే కాళ్లతో వెనక్కి పోవడమే.

నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయి ఒక కునుకు తీసి వచ్చేలోపు వాడు చెప్పాపెట్టకుండా దాన్ని పట్టుకుపోయాడు. మన గాలిగోపురం 70 అడుగుల దాకా ఉంటుంది, పైన 7 కలశాలు. మీ నాన్నకి కలశాలన్నీ కావాలి, కింద ద్వారం కావాలి, ఉత్సవానికొచ్చిన జనం కావాలి, అన్నీ ఒక్క ఫోటోలోనే కావాలి. తల గాజులో పెట్టి ఒక అడుగు వెనక్కేశాడు. చాల్లేదు. ఇంకో అడుగు. చివరి కలశం అంచులో తెగిపోతోంది, ఇంకో అడుగు. అంతలో గాజులో ఎడమ పక్క నుంచి ఒక సైకిలు వస్తా కనపడింది, రెండు పక్కలా పాలక్యాన్లు. తప్పుకుందామని కుడికి దూకాడు. ఆ సైకిలు వచ్చేదే కుడి పక్క నుంచి! పాలవాడు బ్రేకేసి ఒక్క అరుపు అరిచాడు, వీడు బెదిరి వెనక్కి ఎగిరాడు, వెనకాల మూత లేని కాలవ.

చెయ్యి విరిగింది. కెమెరాకి పై లెన్సు పగిలింది, కింద లెన్సు ఒరిగిపోయింది. మర్నాడు బుచ్చిరెడ్డిపాళెంలో పెళ్లి ఒప్పుకుని ఉన్నాను, అడ్వాన్సు అప్పటికే ఖర్చయిపోయింది. వీణ్ణి ఆస్పత్రిలో కూర్చోబెట్టి, మూలాపేటలో తెలిసిన ఫోటోగ్రాఫరు ఇంటికి పోయి, కాళ్లావేళ్లా పడి కెమెరా అరువు తెచ్చుకున్నాను. కోపం ఎంతుందంటే ఆ రాత్రి వాడితో మాట్లాడలేదు. కానీ మీ తాత చేతికి దొరికితే రెండో చెయ్యి కూడా మిగలదని తెలుసు కాబట్టి, కెమెరా నా చేతిలోంచి జారిందని, తమ్ముడు సైకిలు మీంచి పడ్డాడని నేనే కథ అల్లాను. ఆ కథనే మీ నాన్న ఇప్పటికీ మోస్తున్నాడు. కట్టు విప్పాక చూస్తే ఎముక కొంచెం పక్కకి అతుక్కుని ఉంది. రీలు కడిగితే, చివరి ఫోటోలో బోలెడంత ఆకాశం, ఒక కరెంటు తీగ, ఒక మూలన రెండు కలశాలు.

అందుకని చెప్తున్నా. నీ కెమెరాలో కుడి కుడిగానే కనిపిస్తుంది, నాకు తెలుసు, కానీ కన్ను కెమెరాలో ఉన్న మనిషికి వెనకాల ఏముందో ఏ కాలంలోనైనా కనపడదు. ఇప్పుడు పాలసైకిలు బదులు ఆటోలొచ్చాయి, అంతే తేడా. కెమెరా దించు, వెనక్కి తిరిగి చూడు, నిలబడే చోటు చూసుకుని అక్కడికి మామూలుగా నడిచిపో, అప్పుడు ఎత్తు. కదిలేటప్పుడు కన్ను తీసెయ్. ఇంకో మాట, గోపురం ఫోటోకి వెనక్కి పోవడం ఒక్కటే మందు కాదు. కింద నిలబడి కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి వాలిపోయినట్టు వస్తుంది, ఎంత పెద్ద లెన్సయినా అంతే. ఎదురుగా ఏదన్నా మిద్దె చూసుకో, ఆ ఇంటావిణ్ణి మర్యాదగా అడుగు, మొదటి అంతస్తు ఎత్తు నుంచి కెమెరా తిన్నగా పెట్టి తియ్యి, నిటారుగా నిలబడుతుంది. అడిగితే నెల్లూరులో కాదనరు, పైగా కాఫీ ఇస్తారు. అది తాగితే గంట పోతుంది, పోనీలే, తీరిగ్గా ఉండటానికే కదా వస్తున్నావు.

పెన్న లోపలికి మాత్రం దిగొద్దు. దీని మీద బేరం లేదు. ఇసుక తోడిన గుంటల్లో నీళ్లు నిలిచి పైకి మోకాలి లోతులా కనపడతాయి, అడుగేస్తే మనిషి మునుగుతాడు. సోమశిల డ్యాములో నీళ్లొదిలితే ఎట్టా ఉంటుందో 2021 నవంబరులో చూశాం కదా, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగిపోయింది, మేము కావలిలో, మీ అమ్మానాన్నలు నెల్లూరులో. ఫోన్ కలవని ఆ రాత్రి మీ పెదమ్మ దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. అప్పట్నుంచి పెన్న పేరెత్తితే నాకు కడుపులో ఏదోలా ఉంటుంది. నీళ్లు కావాలంటే 2022లో తెరిచిన కొత్త బ్యారేజీ ఉంది, గట్టు మీద నుంచి తీసుకో. ఆరింటికి ఒంటరిగా పోతానంటే పోవద్దనను, అంటే మీ అమ్మకి నాకూ తేడా ఉండదు. తెలిసిన ఆటో ఒకటి మాట్లాడుకుని, ఎక్కడున్నావో మీ నాన్నకి వాట్సాప్‌లో పెట్టు. వాడికి వాడి చెయ్యి గుర్తుంది కాబట్టి పడుకోడులే.

ఇక నీ టూరు ప్లాను. మీ అమ్మ ఫోటో తీసి పంపింది. ఒక్క రోజులో ఉదయగిరి, భైరవకోన, నేలపట్టు! చదివి నవ్వుకున్నాను, తర్వాత కోపమొచ్చింది. ఉదయగిరి, భైరవకోన ఊరికి వాయవ్యంగా, కొండల్లో. పక్షులొచ్చే నేలపట్టు దక్షిణాన దొరవారిసత్రం దగ్గర, ఇప్పుడది తిరుపతి జిల్లాలోకి పోయింది కూడా. ఉదయగిరి కోట ఎక్కి దిగడానికి రెండు గంటలు రాశావు. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి, గజపతుల చేతుల్లోంచి ఆ కోట తీసుకోడానికి ఏడాదిన్నర పట్టింది. నువ్వు రెండు గంటలిచ్చావు. ఆ కొండ మూడు వేల అడుగుల పైచిలుకు, నెల్లూరు నుంచి అక్కడికి చేరడమే వంద కిలోమీటర్లకు దగ్గర. దానికి పూర్తిగా ఒక రోజు ఇవ్వు, చీకట్లోనే బయల్దేరండి, దిగొచ్చాక అక్కడి చెక్క చెంచాలు చేసేవాళ్ల దగ్గర కూర్చోండి. ఆ చేతుల్ని ఫోటో తీస్తే కోటకంటే అవే బాగుంటాయని నా అనుమానం. రాత్రికి అటే ఉండి మర్నాడు భైరవకోన. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది గుళ్లు, పక్కనే జలపాతం. లోపల చీకటి, ట్రైపాడ్ కావాలి, పూజారిని అడగాలి.

నేలపట్టుని ఈసారికి వదిలెయ్. మార్చి దాకా గూడబాతులు, అదే మీ పెలికాన్లు, ఎక్కడికీ పోవు, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద పిల్లల్ని పెంచుకుంటా ఉంటాయి. నీ దగ్గరున్న చిన్న లెన్సుతో తీస్తే చెట్టు మీద సున్నం చుక్కల్లా వస్తాయి. పెద్ద లెన్సు అద్దెకు తీసుకుని వేరే వారం పెట్టుకో, నన్నూ రమ్మను, మోకాళ్ల నొప్పైనా వస్తా.

ట్రైపాడ్ కొనకు. నాది అటక మీద ఉంది, బరువైనా గాలికి కదలదు, శుక్రవారం నెల్లూరు వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపిస్తా. ఉదయగిరికి ఏ వారమో మీ స్నేహితురాల్ని అడిగి చెప్పు. ఆత్మకూరులో నా దగ్గర పనిచేసిన కుర్రాడికి కారుంది, నిదానంగా నడుపుతాడు, మాట్లాడి పెడతాను. కారు డబ్బులు మీ నాన్ననడుగు. ఇవ్వనంటే, యాషికా బాకీలో జమ వేసుకుంటానని పెదనాన్న చెప్పాడని చెప్పు.

మీ పెదనాన్న
కావలి